వృత్తి పదాలు ఆటలతో నేర్పాలంటే: ఏ పదాలకు ఏ ఆట?

ప్రశ్నబల్ల

రెండో ఏడాది ఎలక్ట్రికల్ క్లాసు, 30 మంది, పీరియడ్ 45 నిమిషాలు. ఒక్కో యూనిట్‌లో 40 దాకా కొత్త పదాలు వస్తాయి. నిర్వచనాలు రాయమంటే తప్పు లేకుండా రాస్తారు. ఫోన్ క్విజ్‌లో మార్కులు బాగానే వస్తున్నాయి. వర్క్‌షాపులో అడుగుపెట్టగానే మాత్రం "అది ఇవ్వు", "ఆ నల్లది పెట్టు" అనే మాటలే వినిపిస్తాయి. ఫోన్లు లేకుండా కార్డులు, బోర్డుతో నడిచే ఆటలు కావాలి. ఏ ఆట ఏ రకం పదాలకు సరిపోతుంది, ఎన్ని కార్డులు, ఎంత సేపు, ఎక్కడ చెడుతుంది అన్నది వివరంగా చెప్పగలరా?

---

పదసాధన

ఆట వెతికే ముందు ఆ 40 పదాలను మూడు కుప్పలు చేయండి. చూడగానే గుర్తుపట్టాల్సిన వస్తువుల పేర్లు ఒక కుప్ప: ఐసొలేటర్ (మరమ్మతుకు ముందు సప్లైని వేరుచేసే స్విచ్), కాంటాక్టర్ (మోటారు లాంటివాటిని ఆన్, ఆఫ్ చేసే విద్యుదయస్కాంత స్విచ్), లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క), గ్లాండ్ (కేబుల్ పెట్టెలోకి వెళ్లే చోట పట్టి ఉంచేది). పనుల పేర్లు రెండోది: క్రింపింగ్ (లగ్‌ను నొక్కి బిగించడం), స్ట్రిప్పింగ్ (వైరు తొడుగు ఒలవడం), టెర్మినేట్ చేయడం (వైరు చివరను టెర్మినల్‌కు కలపడం), ఇన్సులేషన్ పరీక్ష. వీటికి ఒక వరుస ఉంటుంది. దగ్గరగా ఉండి తికమక పెట్టేవి మూడో కుప్ప: ఎంసీబీ (ఓవర్‌లోడ్‌కు తెగిపడే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెగిపడే స్విచ్), ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్, ఎర్త్, న్యూట్రల్. వస్తువుల పేర్లకు జోడీ కార్డులు చాలు. పనుల పేర్లకు ఒకరు చెబితే ఇంకొకరు చేసే ఆట కావాలి. మూడో కుప్పకు "ఇది ఎందుకు కాదు?" అని వాదించుకునే ఆట తప్ప ఇంకేదీ పనిచేయదు.

రెండో సంగతి, ఒక పీరియడ్‌లో 8 నుంచి 12 కొత్త పదాలు మించకూడదు. పైగా మూడో కుప్పలో జంటగా ఉన్నవాటిని ఒకే రోజు పరిచయం చేయకండి. అర్థంలో దగ్గరగా ఉన్న పదాలను ఒకేసారి నేర్పితే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయని పరోశోధకులు టింకమ్ 1993లో, వేరింగ్ 1997లో పరీక్షించి చూపారు. ఎంసీబీ ఈ వారం బాగా కుదురుకున్నాక ఆర్‌సీసీబీ వచ్చే వారం. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే ఆట ఆ తర్వాతే.

ఇంకొకటి కూడా. ఆటతో కొత్త పదం పరిచయం చేయకండి. అర్థం తెలియని పదంతో ఆడితే పిల్లలు ఊహిస్తారు, ఆ ఊహే తలలో నిలిచిపోతుంది. వస్తువు చేతికిచ్చి, పేరు పలికించి, పని చూపించాక ఆట మొదలవ్వాలి. తెలిసిన పదాన్ని సాయం లేకుండా తలలోంచి బయటికి తీయించడమే ఆట చేసే పని.

---

కేబుల్‌ట్రే

పదసాధన గారు చెప్పిన మూడో కుప్పకు నిషేధ పదాల ఆట బాగుంటుంది. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 74 × 105 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలు జిరాక్సు కాగితం రెండు రోజుల్లో నలిగిపోతుంది, వెనకనుంచి అక్షరాలూ కనబడతాయి. 200 జీఎస్‌ఎం మందపు కాగితం తీసుకోండి. పైన చెప్పించాల్సిన పదం, దాని కింద వాడకూడని నాలుగు పదాలు. నలుగురి జట్టు, ఒకరికి 60 సెకన్లు. నిషేధ పదం వాడారో లేదో ఎదుటి జట్టులో ఒకరు వెనక నిలబడి చూడాలి.

కార్డు తయారీలోనే ఎక్కువ మంది తడబడతారు. అన్ని దారులూ మూసేస్తే పిల్లలు సైగలకు దిగుతారు, పదజాలం ఏమీ రాదు. కాబట్టి నిర్వచనంలో ఉండే పదాలను మూయండి, పనికి సంబంధించిన దారి తెరిచి ఉంచండి. ఫ్యూజ్ కార్డులో "వైరు, కరగడం, కాలిపోవడం, ఎంసీబీ" నిషేధం. "ఒకసారి పనిచేశాక కొత్తది వేయాలి, రీసెట్ చేయలేం" అనే దారి మిగులుతుంది. ఐసొలేటర్ కార్డులో "స్విచ్, ఆఫ్, ఆపడం, మెయిన్" నిషేధం. "లోడ్ నడుస్తుండగా దీన్ని ముట్టుకోకూడదు, మరమ్మతుకు ముందు తెరవాలి" అని చెప్పే దారి ఉంటుంది. ఆ వాక్యం నోట వచ్చిందంటే ఆ వస్తువు సంగతి తెలిసినట్టే.

ఒక నియమం కలపండి: మొదటి సూచన "ఎప్పుడు వాడతాం" లేదా "లేకపోతే ఏమవుతుంది" అని మొదలవ్వాలి. రంగు, ఆకారం, మొదటి అక్షరం చెప్పడానికి వీల్లేదు.

---

వార్డుబోధిని

నర్సింగ్ వైపు నుంచి ఒక అభ్యంతరం. నిషేధ పదాల ఆటలో పదం తప్ప మిగతావన్నీ పలుకుతారు. ప్రశ్నబల్ల గారి సమస్యే అది కదండీ, పిల్లలు అసలు పదాన్ని తప్పించుకు తిరుగుతున్నారని! తప్పించుకోవడంలో నేర్పు పెంచే ఆట దానికి మందు ఎలా అవుతుంది? చెప్పేవాడు పదాన్ని పలకడు, ఊహించేవాడు ఒక్కసారి పలుకుతాడు. అంతే.

మా దగ్గర పనికొచ్చేది సమాచార లోటు ఆట. ఇద్దరు వీపు వీపు ఆనించి కూర్చుంటారు. ఒకరి దగ్గర రోగి చార్టు: రక్తపోటు 88/54, నాడి 124, శ్వాస 26, ఆక్సిజన్ 91 శాతం. రెండో వారి దగ్గర ఆరు ఖాళీలున్న ఫారం. మొదటివారు పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫారసు అనే నాలుగు మెట్ల వరుసలో అప్పగించాలి. అంకె ఒక్కటే చదివితే ఒక మార్కు. "హైపోటెన్షన్, 88/54" అని పదమూ అంకే కలిపి చెబితే రెండు. "బీపీ తక్కువగా ఉంది" అంటే సున్నా. వినేవారు తిరిగి పలకాలి, చెప్పేవారు "అవును" అనాలి, ఆ తర్వాతే రాయాలి. తిరిగి పలకకుండా రాసిన ఖాళీకి మార్కు లేదు. దీంతో ఒక్కో పదం రెండు నోళ్లలో నలుగుతుంది.

చార్టులన్నీ ఒకే వైపు మొగ్గకుండా చూడండి. అన్నిట్లో టాకీకార్డియానే (నాడి మరీ వేగంగా కొట్టుకోవడం) ఉంటే పిల్లలు అంకె చూడకుండానే ఆ పదం అనేస్తారు. ఆరు చార్టులకు రెంటిలో నాడి 48 లాంటిది పెట్టండి, బ్రాడీకార్డియా (నాడి మరీ నెమ్మదించడం) అనాలి. ఒకదాంట్లో అన్నీ మామూలుగానే ఉండాలి.

పలుకు ఒకటై స్పెల్లింగ్ వేరైన పదాలను వినికిడి ఆటలో వేయకండి. ఇలియం చిన్నపేగు చివరి భాగానికీ పేరే, తుంటి ఎముకకూ పేరే. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. అలాంటివి బొమ్మతో, రాతతో తేల్చాలి.

---

కేబుల్‌ట్రే

వార్డుబోధిని గారి మాట ఒప్పుకుంటాను, సగం. వర్క్‌షాపు భాష కోసం నిషేధ పదాల ఆటను మొదట పెట్టకూడదు. కానీ ఎలక్ట్రీషియన్ రోజూ మాట్లాడేది తోటి ఎలక్ట్రీషియన్‌తోనే కాదు. ఆర్‌సీసీబీ ఎందుకు తెగిపడిందో ఇంటి యజమానికి ఆ పదం వాడకుండానే చెప్పాలి. ఆ నైపుణ్యానికి ఈ ఆట సరిగ్గా సరిపోతుంది. పదం ముందే నోటికి వచ్చి ఉండాలి, అంతే. రెండో వారం తర్వాత పెట్టండి.

---

ప్రశ్నబల్ల

అర్థమైంది. వీపు వీపు ఆట ఎలక్ట్రికల్‌లో ఎలా పెట్టాలి? బింగో మాటేమిటి?

---

కేబుల్‌ట్రే

మెట్ల లైటు సర్క్యూట్ తీసుకోండి, అంటే ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆపేది. ఒకరి చేతిలో బొమ్మ. రెండోవారి ముందు అట్టముక్కల మీద గీసిన రెండు టూ-వే స్విచ్‌లు, లాంపు, ఫేజ్, న్యూట్రల్, వైర్లకు బదులు రంగు దారాలు. కరెంటు ఉన్న బోర్డు మీద ఈ ఆట వద్దే వద్దు. హడావుడిలో చేతులు వేసే పని అది.

మొదటివారు చెప్పాల్సినవి: ఫేజ్ మొదటి స్విచ్ కామన్ టెర్మినల్‌కు, రెండు ట్రావెలర్ వైర్లు ఈ స్విచ్ నుంచి ఆ స్విచ్‌కు, రెండో స్విచ్ కామన్ నుంచి లాంపుకు, లాంపు నుంచి న్యూట్రల్. ఏడు నిమిషాలు. మూడో వ్యక్తి పరిశీలకుడు. సరైన పదం వాడినప్పుడల్లా ఒక గీత, "అది, ఇది, అక్కడ" అన్నప్పుడల్లా ఇంకో వరుసలో గీత. 30 మంది అంటే పది జట్లు, మూడు విడతల్లో అందరికీ మూడు పాత్రలూ వస్తాయి. మూడు విడతలకూ ఒకే బొమ్మ ఇవ్వకండి. రెండోసారికి బొమ్మ కంఠస్థమైపోతుంది, మాట అవసరం ఉండదు. రెండో విడతకు మాస్టర్ స్విచ్‌తో రెండు లాంపులు, మూడో విడతకు బెల్, ఇండికేటర్ ఇవ్వండి.

ఇక్కడ వచ్చే ప్రధానమైన తప్పు, ఫేజ్‌ను కామన్‌కు బదులు ట్రావెలర్ టెర్మినల్‌కు కలపడం. అలా కలిపితే లైటు స్విచ్‌ల కొన్ని స్థానాల్లోనే వెలుగుతుంది. దారాలు చూపించి "ఈ స్విచ్ ఇటు వేస్తే ఏమవుతుంది?" అని అడగండి. "కామన్" అనే పదం ఎందుకు మానకూడదో అక్కడ వాళ్లకే తెలుస్తుంది.

---

పదసాధన

బింగో గురించి రెండు ముక్కలు. బోర్డు మీద 16 పదాలు రాయండి, ప్రతి విద్యార్థీ అందులోంచి 9 ఎంచుకుని 3 × 3 గడుల్లో రాసుకుంటాడు. మీరు పదం చదవకండి, నిర్వచనమూ చదవకండి. ఫిర్యాదు చదవండి: "మోటారు పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ నడుస్తోంది. దేన్ని చూస్తారు?" ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం ఎక్కువైతే ఆపేది) ఉన్నవాళ్లు ఆ గడిలో ప్రశ్న సంఖ్య వేయాలి, ఊరికే కొట్టేస్తే చెల్లదు. గెలిచానన్నవాడు తన వరుసలోని మూడు పదాలకూ మూడు ఫిర్యాదులు తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఆట సాగుతుంది. పదాల జాబితా 12కు తగ్గితే అందరూ దాదాపు ఒకేసారి గెలుస్తారు, 24కు పెరిగితే చదివిన ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి విద్యార్థి గడుల్లో పదమే ఉండదు. బింగోలో వినడం, గుర్తుపట్టడమే ఉంటాయి. కొత్త పదాలు చెప్పిన రోజు చివర్లో పది నిమిషాలకు మంచిది, అంతకు మించి ఆశించకండి.

---

ముక్కలపేక

వస్తువుల పేర్లకు నేనొక కార్డుల ఆట చెబుతాను. లెక్క కుదిరిందంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. 13 కార్డులు, ఒక్కో దాని మీద నాలుగు అంశాలు. ఏ రెండు కార్డులు తీసినా సరిగ్గా ఒక్క అంశమే ఉమ్మడిగా ఉంటుంది.

పదాలకు 1 నుంచి 13 వరకు సంఖ్యలివ్వండి: ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ఫ్యూజ్, ఐసొలేటర్, కాంటాక్టర్, రిలే, టైమర్, పుష్‌బటన్, లిమిట్ స్విచ్, ఓవర్‌లోడ్ రిలే, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్, ఇండికేటర్ లాంపు. కార్డుల మీద వేయాల్సినవి:

1, 2, 4, 10
2, 3, 5, 11
3, 4, 6, 12
4, 5, 7, 13
5, 6, 8, 1
6, 7, 9, 2
7, 8, 10, 3
8, 9, 11, 4
9, 10, 12, 5
10, 11, 13, 6
11, 12, 1, 7
12, 13, 2, 8
13, 1, 3, 9

మొదటి కార్డులోని ప్రతి సంఖ్యకూ ఒకటి కలుపుకుంటూ పోవడమే, 13 దాటితే మళ్లీ 1. ఈ అమరికలో ప్రతి పదం నాలుగు కార్డుల్లో వస్తుంది, అదీ ఒక్కో నిలువు వరుసలో ఒక్కసారే. అందుకని మొదటి నిలువు వరుసలోది బొమ్మగా, రెండోది పేరుగా, మూడోది సర్క్యూట్ గుర్తుగా, నాలుగోది "ఏం చేస్తుంది" అనే చిన్న వాక్యంగా వేయండి. అప్పుడు ఏ రెండు కార్డులు ఎదురైనా ఉమ్మడి పదం రెండు వేర్వేరు రూపాల్లో ఉంటుంది. ఒకే బొమ్మను కంటితో పోల్చి గెలవడం కుదరదు, గుర్తు చూసి పేరు తలుచుకోవాల్సిందే. కార్డు మీద నాలుగింటినీ ఎక్కడపడితే అక్కడ వేయండి, లేకపోతే వరుస పట్టేస్తారు.

ఐదుగురికి ఒక కట్ట. తలా ఒక కార్డు, మిగతా 8 మధ్యలో. పైది తిప్పగానే తన కార్డుతో ఉమ్మడి పదం కనిపెట్టినవాడు పేరు చెప్పి, ఆ వస్తువును ఎక్కడ వాడతారో ఒక వాక్యం అనాలి. అది సరైతే మధ్య కార్డు తీసుకుని తన కార్డు మీద పెట్టుకుంటాడు. వాక్యం లేకుండా పేరు మాత్రమే అంటే కార్డు రాదు. వరుసగా రెండు గెలిచినవాడు తర్వాతి విడతలో ఆడకుండా ఇతరుల వాక్యాలు తప్పో ఒప్పో చెబుతాడు. ఈ నియమం లేకపోతే ప్రతి కట్టలోనూ ఒక్కడే ఆడతాడు, నలుగురు చూస్తారు. 30 మందికి ఆరు కట్టలు, 78 కార్డులు. ఏ4కు నాలుగు చొప్పున వేస్తే కట్టకు నాలుగు కాగితాలు.

---

పదసాధన

అమరిక చాలా బాగుంది. ఒక్క జాగ్రత్త, ఈ 13లో దగ్గరి జంటలు చాలా ఉన్నాయి. రిలే, ఓవర్‌లోడ్ రిలే, కాంటాక్టర్ మూడూ ఒకే కట్టలో. కాబట్టి ఇది యూనిట్ చివరి ఆట. మొదటి వారంలో ఇస్తే గందరగోళం.

---

చిట్టాపద్దు

అకౌంట్స్ చెప్పేవాళ్లు కూడా ఇది చదువుతారని రాస్తున్నాను. కొనుగోలు పత్రాల పేర్లు పిల్లలకు ఎప్పుడూ కలిసిపోతాయి. పైన శీర్షిక కత్తిరించేసిన పత్రాలు కవర్లో వేసి ఇవ్వండి: కొటేషన్, పర్చేజ్ ఆర్డర్, డెలివరీ నోట్, సరుకు అందిన నోటు, ఇన్‌వాయిస్, చెల్లింపు రసీదు. జట్టు వాటికి పేర్లు పెట్టి, వరుసలో పేర్చాలి. ఒక తేడా కావాలనే దాచండి: ఆర్డర్ 100, సరుకు అందింది 92, ఇన్‌వాయిస్ 100కు. అప్పుడు అమ్మినవాడి నుంచి 8కి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించే పత్రం) రావాలి. ఆ ఖాళీ ఫారం, దాంతోపాటు డెబిట్ నోట్ ఫారం కూడా కవర్లో ఉంచండి. ఎవరు ఎవరికి ఏది రాస్తారన్న వాదన మొదలవుతుంది, పదాలు అక్కడే గట్టిపడతాయి. సమయం 12 నిమిషాలు. తేదీలు మాత్రం చెరిపేయండి. తేదీలు కనబడితే పత్రం చదవకుండానే వరుస పేర్చేస్తారు.

---

ప్రశ్నబల్ల

ఫోన్ క్విజ్ పూర్తిగా మానేయాలా? పిల్లలకు అదంటే ఇష్టం, మార్కులూ వస్తున్నాయి.

---

వార్డుబోధిని

మానక్కర్లేదు. వేగానికి ఇచ్చే అదనపు పాయింట్లు తీసేయండి. నాలుగు జవాబుల్లో మూడు పొంతన లేనివి ఉంటే తీసేసే పద్ధతిలో గెలుస్తారు, కాబట్టి నాలుగూ ఒకే కుటుంబంలోవి పెట్టండి. ఏ పదం ఎక్కువమంది తప్పారో చూడటానికి క్విజ్ మంచి సాధనం. ఆ పదాలే మర్నాటి ఆటలోకి వెళ్లాలి.

---

పదసాధన

అదే రోజు వచ్చిన మార్కుల్ని నమ్మకండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదవడానికి బదులు గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. ఆటకూ అదే వర్తిస్తుంది. ఆడిన రోజు చప్పట్లు ఎన్ని వచ్చాయన్నది కొలమానం కాదు, రెండు వారాల తర్వాత వర్క్‌షాపులో ఎన్ని పదాలు పలికారన్నదే కొలమానం.

అందుకని పాత పదాలు తిరిగి రావాలి. ప్రతి ఆట కట్టలో 8 కొత్తవి, 4 పాతవి. లైట్నర్ 1972లో చెప్పిన పెట్టెల పద్ధతి క్లాసుకూ సరిపోతుంది: మూడు అట్టపెట్టెలు పెట్టండి. మొదటిదాన్లోవి ప్రతి పీరియడ్, రెండోదాన్లోవి వారానికోసారి, మూడోదాన్లోవి మూడు వారాలకోసారి తీయండి. క్లాసు సరిగ్గా చెబితే కార్డు ముందు పెట్టెకు, తప్పితే మళ్లీ మొదటిదానికి. "క్లాసు సరిగ్గా చెప్పింది" అంటే ముందు బెంచీ ముగ్గురు అరవడం కాదు. చీటీ తీసి ఎవరి పేరు వస్తే వాళ్లు చెప్పాలి.

---

కేబుల్‌ట్రే

వర్క్‌షాపులో ఆటకు ఆట, పనికి పని: పనిముట్ల కౌంటర్. ఒక విద్యార్థి కౌంటర్లో ఉంటాడు. పేరు, కొలత రెండూ చెబితేనే ఇస్తాడు. "స్పానర్" అంటే ఇవ్వడు, "12 మిల్లీమీటర్ల రింగ్ స్పానర్" అంటే ఇస్తాడు. "లగ్" అంటే "ఏ సైజు కేబుల్‌కు, స్టడ్ (బిగించే బోల్టు) ఎంత?" అని తిరిగి అడుగుతాడు. కౌంటర్ మనిషి రోజూ మారాలి, ఎందుకంటే అడిగేవాడికన్నా ఇచ్చేవాడే ఎక్కువ నేర్చుకుంటాడు. మొదటి వారం గోడ మీద బొమ్మల పట్టిక ఉంచండి, రెండో వారం పేర్లు కప్పేయండి, మూడో వారం పట్టికే తీసేయండి. అత్యవసరంలో, అంటే ఎవరికైనా దెబ్బ తగిలినా, సప్లై ఆపాల్సి వచ్చినా, ఈ నియమం వర్తించదని మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

---

ప్రశ్నబల్ల

ఇవన్నీ చూసి ఒక పీరియడ్ ఇలా వేశాను: పాత కార్డులు 5 నిమిషాలు, కొత్త పదాలు వస్తువులతో 10, ఆట 20, తప్పుల చర్చ 5, నోట్సు 5. ఒక సందేహం. మాట్లాడటానికి జంకేవాళ్లు ఆటలో ఇంకా వెనక్కి పోతారేమో?

---

వార్డుబోధిని

అందరి ముందు ఆడే ఆటలో పోతారు, ముగ్గురి జట్టులో పోరు. మొదటి రెండుసార్లు వాళ్లకు పరిశీలకుడి పాత్ర ఇవ్వండి, గీతలు గీస్తూ పదాలు వింటారు. వివరణ సొంత భాషలో చెప్పనివ్వండి, పదం మాత్రం కచ్చితంగా ఉండాలి. ఉచ్చారణ దిద్దడం ఆట మధ్యలో వద్దు, రాసుకుని చర్చలో చెప్పండి.

మీ పట్టికలో ఒక్క మార్పు: ఆట 17కు తగ్గించి చర్చ 8కి పెంచండి. ఆటలో పలికిన తప్పు పదం దిద్దకుండా గంట కొడితే అదే నోట్సులోకి వెళ్తుంది. చర్చలో పరిశీలకుల కాగితాలు చదివించండి, ఏ పదానికి "అది" అన్నారో మూడు ఉదాహరణలు బోర్డు మీద రాసి, క్లాసు చేతనే సరైన వాక్యాలు చెప్పించండి.

---

ముక్కలపేక

కార్డులు కత్తిరించేముందు ఒక కట్టను తోటి టీచర్ ఒకరితో ఆడించి చూడండి. ఇండికేటర్ లాంపు, పుష్‌బటన్ ఫొటోలు చిన్నగా అచ్చయితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. బొమ్మ కనీసం మూడు సెంటీమీటర్లు ఉండాలి. "ఏం చేస్తుంది" వాక్యాలు రెండు పదాలకు సరిపోయేలా రాయకండి. "సర్క్యూట్‌ను కాపాడుతుంది" అన్నది ఫ్యూజ్‌కీ వర్తిస్తుంది, ఎంసీబీకీ వర్తిస్తుంది. "ఓవర్‌లోడ్‌కు తెగిపడుతుంది, లీవర్ ఎత్తి మళ్లీ వాడొచ్చు" అని రాస్తే ఎంసీబీ ఒక్కటే మిగులుతుంది. ఆర్‌సీసీబీకి "ఫేజ్, న్యూట్రల్ కరెంట్ల మధ్య తేడా వస్తే తెగిపడుతుంది" అని రాయండి.